ఇల్లు మీది, మరి మీటరెవరిది?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు అన్ని కలిపి చూస్తే సగానికి సగం ఇల్లు మారినోళ్లవే. శ్రావణం కదా, గృహప్రవేశాలు ఒకదాని మీద ఒకటి. అందుకే ఈ నెల పచ్చడి ప్రశ్నలు, పిల్లల ట్యూషన్ ప్రశ్నలు పక్కకు పెట్టి మొత్తం కొత్తింటి ముచ్చట్లే తీస్కున్న. నీకేం తెల్సు అనేటోళ్లకు ఒక మాట, మా ఆయనది రైల్వే నౌకరి, కాజీపేట నుంచి డోర్నకల్, అక్కడి నుంచి రామగుండం, మళ్ల కాజీపేట, ఇట్ల తొమ్మిది ఇండ్లు మారినం, తొమ్మిదిసార్లు గ్యాస్ బుక్కు చేతుల పట్టుకొని తిరిగింది నేనే.

ప్రశ్న: అక్కా, హన్మకొండ గోపాలపురంల పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నం. రిజిస్ట్రేషన్ అయిపోయింది. కరెంటు మీటరు మాకు అమ్మినాయన పేరు మీద కూడ లేదు, ఆయనకు అమ్మినాయన పేరు మీద ఉన్నది, ఆ పెద్దమనిషి చనిపోయి చాన ఏండ్లయిందట. బిల్లు కడుతుంటే కరెంటు వస్తనే ఉన్నది కదా, పేరు మార్పించుడు అవసరమా? మా ఆయన అక్కర్లేదంటున్నడు.

జవాబు: వస్తది చెల్లె, ఎందుకు రాదు. ఇరవై ఏండ్లు కూడ అట్లనే వస్తది, నీకు అమ్మినాయనకు వచ్చినట్టే. బిల్లు కట్టెటందుకు ఎవరూ పేరు అడగరు, యూనిక్ సర్వీస్ నంబర్ కొడితే చాలు, ఫోన్లనే అయిపోతది. ఇబ్బంది ఎప్పుడొస్తదంటే నువ్వు ఏదన్న అడిగిననాడు వస్తది. ఏసీ పెట్టినం లోడు పెంచుండ్రి అన్నా, త్రీ ఫేజ్ కావాలన్నా, పైన పోర్షన్‌కు ఇంకో మీటరు కావాలన్నా కాగితం మీద ఉన్న మనిషి సంతకం అడుగుతరు. ఆయన్నెక్కడి నుంచి తెస్తవ్? మొన్న మా పక్కింటోళ్లు డాబా మీద సోలార్ పెట్టిద్దామనుకున్నరు, 3 కిలోవాట్లకు కేంద్రం సబ్సిడీ 78,000 వస్తది కదా, అంతా మాట్లాడుకున్నంక చూస్తే మీటరు వాళ్ల మామ పేరు మీద, బ్యాంకు ఖాతా వీళ్ల పేరు మీద. రెండు నెలలు ఆగిపోయింది పని.

పేరు మార్పుకు పెద్ద తతంగం లేదు. మన కరెంటు కంపెనీ ఎన్పీడీసీఎల్ హెడ్డాఫీసు హన్మకొండ నక్కలగుట్టలనే ఉన్నది గానీ అంత దూరం పోవాల్సిన పని లేదు, మీ ఏరియా కస్టమర్ సర్వీస్ సెంటర్ల టైటిల్ ట్రాన్స్‌ఫర్ అని అప్లికేషన్ పెట్టాలె. రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ జిరాక్సు, ఆధార్, బాకీ లేకుండ కట్టిన బిల్లు కావాలె. పాత మనిషి ఒప్పుకుంటున్న అని రాసిస్తే ఆ కాగితం, ఆయన లేకపోతే స్టాంపు కాగితం మీద ఇండెమ్నిటీ బాండు, అంటే రేపు ఏదన్న లొల్లి వస్తే బాధ్యత నాదే అని రాసిచ్చుడు. మీ కేసుల మధ్యల ఒకాయన ఉన్నడు కాబట్టి లింకు డాక్యుమెంట్, అంటే ఆయన కొన్నప్పటి రిజిస్ట్రేషన్ కాగితం కూడ పట్టుకొని పో, మళ్ల మళ్ల తిరగనక్కర్లేకుండ.

ఇంకోటి, ఇది నీకు ఆలస్యమైంది గానీ ఇంకా కొనబోయేటోళ్లు చదువుతరని రాస్తున్న. మేం కొన్న మొదటి ఇంట్ల నాకు బాగ బుద్ధొచ్చింది. తాళాలు చేతికొచ్చిన రోజు ఎంత సంబురమంటే మీటరు డబ్బా దిక్కు చూసినోళ్లు లేరు. నెలయినంక బిల్లు కొట్టే పిల్లగాడొచ్చి ఆ సన్న కాగితం చేతుల పెట్టిండు, చూస్తే నాలుగు వేల పైచిలుకు. మేం వాడింది రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జు. కాగితం కింద అరియర్స్ అని ఒక గడి ఉంటది చూసిండ్రా, దాంట్ల ఉన్నది మూడు వేల చిల్లర, పాతాయన ఆరు నెలలు కట్టలె. ఆయనకు ఫోన్ చేస్తే రింగయితున్నది, ఎత్తడు. ఇప్పుడు చట్టం కూడ మన దిక్కు లేదు, పాత ఓనరు బాకీ ఉంటే కొత్తాయన దగ్గర వసూలు చేయొచ్చని డిస్కంలు, అంటే కరెంటు కంపెనీలు పెట్టుకున్న రూలు చెల్లుతదని 2023 మేల సుప్రీంకోర్టే చెప్పింది. అందుకని ఆఖరి పైసలు ఇచ్చే ముందు మీటరు ముంగట నిలబడి రీడింగు కనబడేటట్టు ఫోటో తీయాలె, ఆ పూటనే ఆ సర్వీస్ నంబర్ మీద ఎంత బాకీ ఉన్నదో ఫోన్ల చూడాలె, అది తీర్చి రసీదు ఇస్తేనే మిగతా పైసలు. మొహమాటపడితే మన జేబుకే చిల్లు.

మీ ఆయనకు ఇది చదివి వినిపించు.

ప్రశ్న: కొత్తగ ఇల్లు కట్టుకొని ములుగు రోడ్డు దిక్కు వచ్చినం. ఇద్దరమే ఉంటం, బిల్లు మాత్రం షాపుకు వచ్చినట్టు వస్తున్నది. మీటరు ఫాస్టుగ తిరుగుతున్నదంటరా?

జవాబు: మీటరును తిట్టే ముందు బిల్లు మీద కేటగిరీ అని ఎక్కడున్నదో చూడు అన్నా. ఇల్లు కట్టేటప్పుడు తీస్కున్న కనెక్షన్ కేటగిరీ 2 ఉంటే అది కమర్షియల్ రేటు, ఇల్లు పూర్తయినంక మీరు పోయి అడిగితే తప్ప దానంతట అది కేటగిరీ 1కి, అంటే ఇంటి రేటుకు మారదు. అప్లికేషన్ పెడితే వచ్చి చూసి మారుస్తరు. చూస్తే కేటగిరీ 1 అనే ఉంటే అప్పుడు మీటరు టెస్టింగుకు రాసియ్యుండ్రి. అట్లనే ఇంటి ముంగట షటర్ వేసి కిరాణం కొట్టుకు కిరాయికిచ్చే ఆలోచన ఉంటే దానికి వేరే మీటరు తీస్కోండ్రి, ఇంటి మీటరు మీద దుకాణం నడిపితే పట్టుకున్ననాడు మొత్తం ఇంటి బిల్లే కమర్షియల్ లెక్క చేస్తరు.

ప్రశ్న: అక్కా మేం కిరాయికి ఉంటం. పాతింట్ల జీరో బిల్లు వచ్చేది, తెల్ల రేషన్ కార్డు ఉన్నది. ఇల్లు మారినంక ఇక్కడ 1,100 వచ్చింది. ఓనర్‌ను అడిగితే నాకేం సంబంధం అంటున్నడు.

జవాబు: నిజంగనే ఆయనకు సంబంధం లేదమ్మా, గృహజ్యోతి అనే ఈ జీరో బిల్లు స్కీము నీ రేషన్ కార్డుకు, పాతింటి మీటరు నంబర్‌కు కలిపి ఉన్నది. మనిషి మారింది గానీ నంబర్ మారలె. ప్రజాపాలన సేవా కేంద్రానికి పోయి పాత సర్వీస్ నంబర్ తీసేసి కొత్తది ఎక్కించమని చెప్పాలె, రేషన్ కార్డు, ఆధార్, కొత్తింటి కరెంటు బిల్లు పట్టుకొని పో. అంతకుముందు ఆ ఇంట్ల ఉన్నోళ్ల కార్డు ఆ మీటరుకే ఉన్నదేమో అది కూడ అడుగు.

ఇంకో సంగతి, 1,100 అంటున్నవంటే 200 యూనిట్లు దాటినట్టున్నది. దాటితే జీరో బిల్లు లేదు, పైన యూనిట్లకే కాదు మొత్తానికీ కట్టాలె. ఆ 200 గీత ఎంత ఖరీదో లెక్క చూడు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. 201 కాలిస్తే స్లాబే మారిపోతది, మొదటి 200కు 5.10 చొప్పున, ఆ ఒక్క యూనిట్‌కు 7.70, మొత్తం 1,027.70. అంటే ఒక్క యూనిట్‌కు 207 రూపాయల పైన పడ్డట్టు, ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ మళ్ల వేరే. నెలాఖరుకు మీటరు చూస్కోమని మా అమ్మ ఊకె అనేది ఇందుకేనేమో, గీజరు రెండు రోజులు బంద్ పెడితే తేలిపోయేదానికి రెండు వందలు ఎందుకు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి హన్మకొండకు మారినం. గ్యాస్ సిలిండర్లు ఆటోల వేస్కొని తెచ్చుకున్నం, అక్కడి బుక్కు మీదనే మా తమ్ముడు బుక్ చేసి పంపుతున్నడు. ఏమన్న తప్పా?

జవాబు: మొదటిది, నిండు సిలిండర్‌ను ఆటోల పండబెట్టి అంత దూరం తెచ్చుడేంది తల్లీ. అది సరే, అయిపోయింది.

ఊరు మారితే పద్ధతి ఏందంటే అక్కడి ఏజెన్సీల సిలిండర్లు, రెగ్యులేటరు వాపస్ ఇచ్చి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీస్కోవాలె, డిపాజిట్ తిరిగిస్తరు, ఆ వోచర్ ఇక్కడి ఏజెన్సీల ఇస్తే కొత్త సిలిండర్ ఇస్తరు. ఇక్కడ డిపాజిట్ ఇప్పటి రేటు కట్టాలె, 2022 జూన్ నుంచి 14.2 కిలోల సిలిండర్‌కు 2,200, అప్పట్ల మీరు 900కో 1,450కో తీస్కొని ఉంటే ఆ తేడా పడతది, దానికే చాన మంది మార్పించుకోరు. అదే ఊర్ల ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి అయితే సిలిండర్ వాపస్ ఇచ్చే పనే లేదు, కాగితం మీద అడ్రస్, ఏజెన్సీ మారితే చాలు, కంపెనీ యాప్‌లనే అయితది.

తప్పా అంటే, ఆ తేడా పైసలకు చూస్కొని ఇంకోటి పోగొట్టుకుంటున్నరు. గ్యాస్ కనెక్షన్‌కు మనం ఒక్క రూపాయి కట్టకుండనే ఆయిల్ కంపెనీలు తీసిన ఇన్సూరెన్స్ ఉంటది. సిలిండర్ ప్రమాదంల ప్రాణం పోతే మనిషికి 6 లక్షలు, దవాఖాన ఖర్చు మనిషికి 2 లక్షల దాక, ఇల్లు సామాన్లు కాలితే 2 లక్షల దాక. ఈ ఆఖరిది ఉన్నది చూసినవ్, అది రికార్డుల ఉన్న అడ్రస్‌ల జరిగితేనే. నీ సిలిండర్ హన్మకొండల, అడ్రస్ కరీంనగర్‌ల ఉంటే ఎవరిని అడుగుతవ్? ఇట్లాంటి ఇన్సూరెన్స్ ఒకటి ఉన్నదని డెలివరీ పిల్లగాండ్లు చెప్పరు, ఏజెన్సీ గోడ మీద బోర్డు ఉంటది గానీ దాని ముంగట ఖాళీ సిలిండర్లు పేర్చి ఉంటయ్.

పైపు కూడ చూడు. ఆ ఆరెంజ్ కలర్ సురక్ష పైపు మీద తారీకు అచ్చేసి ఉంటది, ఐదేండ్లు దాటితే మార్చాలె. మా ఇంట్ల ఒకసారి అటక మీదికెళ్లి ఎలుక కొరికింది, పైకి బాగనే కనబడుతది, వేలు పెట్టి వంచితే పగులు. వాసనొస్తే ముందు రెగ్యులేటర్ బంద్ చేసి, కిటికీలు తీసి, స్విచ్చులు ముట్టకుండ బయటికొచ్చి 1906కు ఫోన్ చేయాలె.

ప్రశ్న: హౌసింగ్ లోన్ తీస్కున్నప్పుడు బ్యాంకుల ఇన్సూరెన్స్ కంపల్సరీ అని 62,000 లోన్‌లనే కలిపిండ్రు. అంటే మా ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నట్టే కదా? మాది నయీంనగర్ నాలాకు దగ్గర, వానొస్తే గుండెల దడ.

జవాబు: ఈ ప్రశ్న ఏడుగురు అడిగిండ్రు, ఊరు మార్చి, అంకె మార్చి. అందరికి కలిపి చెప్తున్న.

ఆ కాగితం తీసి ఇన్సూర్డ్ అని ఉన్న కాడ ఏం రాసున్నదో చూడుండ్రి. మీ ఆయన పేరు, పుట్టిన తారీకు, నామినీ ఉంటే అది ఇంటికి చేసిన ఇన్సూరెన్స్ కాదు, మనిషికి చేసింది. ఆయనకేమన్న అయితే బ్యాంకు బాకీ తీరుతది. మంచిదే, వద్దనను, ఒక్కడి జీతం మీద నడిచే ఇండ్లకు కావాల్సిందే. కానీ నాలా పొంగితే అది ఒక్క గోడను కూడ నిలబెట్టదు. పైగా లోన్‌ల కలిపిండ్రు కాబట్టి ఆ 62,000కు ఇరవై ఏండ్లు వడ్డీ కూడ మీరే కడుతున్నరు. ఫలానా కంపెనీదే తీస్కోవాలె, లేకుంటే లోన్ లేదు అనేది లేదు. కొత్తగ తీస్కున్నోళ్లకు పాలసీ కాగితం చేతికొచ్చినంక 30 రోజుల్ల వద్దని వాపస్ ఇచ్చే హక్కున్నది, ఫ్రీ లుక్ అంటరు దాన్ని. అబద్ధం చెప్పి అంటగట్టిండ్రు అనిపిస్తే ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం చేసే ఐఆర్డీఏఐ వాళ్ల బీమా భరోసాల కంప్లైంట్ పెట్టొచ్చు, ఫోన్ 155255.

ఇగ ఇంటి సంగతి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు భారత్ గృహ రక్ష అని ఒకే తీరు పాలసీ అమ్మాలె, ఏ కంపెనీల అడిగినా లోపల రాత ఒకటే. అగ్గి, పిడుగు, గాలివాన, వరద, భూకంపం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగులుడు అన్ని దాంట్లనే వస్తయ్, వరదకు ఎక్స్‌ట్రా కట్టాలె అని ఎవరన్న అంటే నమ్మొద్దు.

ఎంతకు చేయాలె అనే కాడ అందరు తప్పు చేస్తరు. ఇల్లు 75 లక్షలకు కొన్నం కాబట్టి 75 లక్షలకు చేస్తం అంటరు. దాంట్ల జాగ రేటే యాభై లక్షలుంటది. వరదొస్తే ఇల్లు కూలుద్ది గానీ జాగ ఎక్కడికి పోతది? కట్టుడు ఖర్చు ఒక్కటే లెక్క. 1,200 అడుగుల ఇల్లు, అడుగుకు 1,800 చొప్పున ఇప్పుడు కట్టాలంటే 21 లక్షల 60 వేలు, అదే మీ మొత్తం. దానికి 20 శాతం, అంటే 4 లక్షల 32 వేలు, లోపల సామాన్లకు ఆటోమేటిక్‌గ వస్తది, 10 లక్షల దాక పరిమితి. ఇంకెక్కువ సామాను ఉంటే లిస్టు రాసిచ్చి పెంచుకోవచ్చు. బంగారం మాత్రం దీంట్ల రాదు, వేరేగ అడిగి కలుపుకోవాలె. ప్రీమియం ఏడాదికి ఎంత అంటే మీ ఇంటి ఒక నెల కిరాణా బిల్లు కంటె తక్కువే ఉంటది, రెండు మూడు కంపెనీలల్ల అడిగి చూడుండ్రి.

ఏది రాదో కూడ చెప్పాలె కదా. గోడ చెమ్మ, పాతబడి రాలిన పెచ్చులు రావు. వోల్టేజీ ఎక్కువొచ్చి టీవీ కాలితే ఆ టీవీకి రాదు, పిడుగు వల్ల అట్ల కాలినా అంతే, కానీ దాని మంట పరదాలకు అంటుకొని రూమంతా కాలితే ఆ రూముకు వస్తది. అందుకే కొత్తింట్ల ఎర్తింగు గుంత, కరెంటు లీకయితే టక్కున బంద్ చేసే 30 మిల్లీ ఆంపుల ఆర్సీసీబీ స్విచ్చు పెట్టించుండ్రి అని నేను నెత్తి నోరు కొట్టుకునేది, టైల్స్ కాడ లక్షలు పోసేటోళ్లు ఈ కాడ వెయ్యికి బేరమాడుతరు. ఇంకా, తాళం పగలగొట్టి దొంగతనం చేస్తే ఈ పాలసీల రాదు. వరదో అగ్గో వచ్చిన వారం లోపల ఆ సందుల ఎత్తుకపోతేనే వస్తది. మామూలు దొంగతనానికి బర్గ్లరీ అని వేరేగ తీస్కోవాలె, ఇంటికి తాళమేసి పిల్లల కాడికి పోయేటోళ్లకు అది ముఖ్యం.

మా చెల్లెలి ఇల్లు కూడ నాలా దిక్కే. 2023 జులైల, ములుగు లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 64.98 సెంటీమీటర్లు కొట్టిన వాన, ఆ రెండు రోజులకే పోతననగర్ కాడ భద్రకాళి చెరువు కట్ట తెగింది, యాదుందా, అప్పుడు వాళ్ల ఇంట్ల నడుము మంటి నీళ్లు. నీళ్లు తీసినంక పోయిన నేను. ఫ్రిజ్జు పండుకొని వంటింట్లకెళ్లి హాల్లకొచ్చింది. ప్లైవుడ్ బీరువా ఉబ్బి పూరీ లెక్క అయింది. గోడ మీద గీత గీసినట్టు బురద మరక, దేవుని పటాలకు బెత్తెడు కింద ఆగింది. పాలసీ ఉన్నది వాళ్లకు. కానీ వాసన ఓర్వలేక ఆ మధ్యాహ్నమే పరుపులు, సోఫా, మిక్సీ అన్ని మున్సిపాలిటీ ట్రాక్టర్‌ల ఎత్తిపోసింది, సర్వేయర్ నాలుగో రోజు వచ్చి సామాను ఏది అన్నడు. ఫోన్ల రెండు ఫోటోలు ఉన్నయ్ అంతే. సగం సామానుకే వచ్చినయ్ పైసలు. కాబట్టి ముందు ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీస్కోండ్రి, రూము రూముకు వీడియో తీయుండ్రి, సర్వేయర్ చూసేదాక డాబా మీదనో వాకిట్లనో కుప్పేసి పెట్టుండ్రి. అసలు కొత్తింట్ల సామాను సర్దిన రోజే ఒక వీడియో తీసి పిల్లలకు వాట్సాప్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది, ఫోన్ మునిగినా అది మునగది.

ప్రశ్న: మేం కిరాయికి ఉంటం, ఓనర్ ఇంటికి ఇన్సూరెన్స్ చేసిండు. మా టీవీ, వాషింగ్ మిషన్ దాంట్ల వస్తయా?

జవాబు: రావు. ఆయన గోడలకు ఆయన చేసుకున్నడు. సామాన్లకు మాత్రమే ఇచ్చే పాలసీ మీ పేరు మీద తీస్కోవచ్చు, ఇల్లు సొంతం ఉండాల్సిన పని లేదు. ఇల్లు మారినప్పుడు కంపెనీకి కొత్త అడ్రస్ మెయిల్ పెట్టుడు మర్చిపోవద్దు. సామాను లారీల వచ్చేటప్పుడు పగిలితే అది వేరే లెక్క, ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉన్నదా అని ప్యాకర్స్‌ను ఎక్కించక ముందే అడగాలె.

ప్రశ్న: నల్లా కనెక్షన్, ఇంటి పన్ను కూడ పాతాయన పేరు మీదనే ఉన్నయ్. ఎక్కడ మొదలు పెట్టాలె?

జవాబు: ఇంటి పన్నుతోటి. కార్పొరేషన్ల పన్ను రికార్డు మీ పేరు మీదికొచ్చిందో లేదో ఇంటి నంబర్ కొట్టి చూడుండ్రి, రాకపోతే డాక్యుమెంట్ ఇచ్చి మ్యుటేషన్ చేయించుండ్రి, నల్లా పేరు మార్పుకు అదే ఆధారం. పన్ను ఏప్రిల్ నెలలనే కడితే 5 శాతం తగ్గిస్తరు. సంపు మొదటిసారి నింపే ముందు ఒకసారి కడిగించుండ్రి, కట్టినప్పటి సిమెంటు, బీడీ ముక్కలు అడుగున ఉంటయ్. నల్లా పైపుకు డైరెక్టుగ మోటరు మాత్రం పెట్టొద్దు, పక్కింటోళ్లకు చుక్క రాదు.

ప్రశ్న: వచ్చే వారం మా గృహప్రవేశం. కరెంటు తరపున ఏమన్న జాగ్రత్తలు?

జవాబు: టెంట్ హౌస్ పిల్లగాండ్లు సీరియల్ లైట్లకు స్తంభం మీది తీగకు కొక్కెం వేస్తరు, వేయనీయొద్దు, పట్టుకుంటే కేసు వాళ్ల మీద కాదు మీ మీద. తర్వాత ఆ బూడిద గుమ్మడికాయ. కొత్త ఇండ్లల్ల మీటరు బోర్డు వాకిట్లనే ఉంటది, దర్వాజ పక్కకు, సరిగ్గ దాని మీదనే కాయ కడుతరు. మూడు నెలలకు అది మురుగుతది, నీళ్లు కారి డబ్బాలకే పోతయ్. మా రెండో ఇంట్ల అట్లనే మీటరు కాలింది, వచ్చిన లైన్‌మన్ మీటరు దిక్కు చూడలె, పైకి కాయ దిక్కు చూసి నవ్విండు. ఒక రెండడుగులు ఇవతలికి కట్టుండ్రి.